ఒక పొయ్యికి ఒక కార్డు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఆదివారాలు రామంతాపూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, సార్, మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన పని ఏదో చెప్పండి అంటారు. నేను చెప్పను. గోడౌన్‌లో బస్తాల మధ్య పాము దూరిన కథో, నన్ను గేటు దగ్గరే ఆపేసిన వాచ్‌మన్ కథో చెప్పి నవ్వించి పంపేస్తాను. నాకు పేరు తెచ్చిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎదురుగా మీ మొహాలు చూస్తూ చెప్పడం నావల్ల కాదు కాబట్టి రాసి పెడుతున్నాను. చదివాక తిట్టుకోవాలనిపిస్తే మీ ఇంట్లో కూర్చుని తిట్టుకోండి.

రాష్ట్రం విడిపోవడానికి రెండు మూడేళ్ల ముందు మాట. నేను రేషన్ కార్డుల ఇన్‌స్పెక్టర్‌ని. ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం ఫ్యాక్టరీల దాకా, అటు మౌలాలి గుట్ట కనిపించే బస్తీల దాకా నా ఏరియా. తెల్ల కార్డు ఉన్న ఇంటికి మనిషికి నాలుగు కిలోల చొప్పున చవక బియ్యం, కొంచెం కిరసనాయిలు ఇచ్చేవాళ్లం. ఆస్పత్రిలో ఉచిత ఆపరేషన్ కావాలన్నా ఆ కార్డే చూపించాలి. అందుకని లేనివాళ్లతో పాటు ఉన్నవాళ్లూ దానికోసం ఎగబడ్డారు. మూడంతస్తుల మేడ కట్టినాయన దగ్గరా తెల్ల కార్డే, నగల కొట్టాయన దగ్గరా తెల్ల కార్డే. ఇళ్ల కంటే కార్డులు ఎక్కువయ్యాయి, బోగస్ కార్డులు ఏరిపారేయండి అని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆర్డరు న్యాయమైనదే. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఏరడం ఎలాగన్నదే చిక్కు. ఒకే ఇంట్లో తండ్రి పేరు మీద ఒక కార్డు, కొడుకు పేరు మీద ఒకటి, కోడలి పేరు మీద ఇంకొకటి. అడిగితే మేం వేరు పడ్డాం సార్ అంటారు. కాగితాల మీద నిజంగానే వేరు. మా రూల్సు ప్రకారం కుటుంబం అంటే ఒక వంటింట్లో వండుకుని తినేవాళ్లు. ఎవరు ఎవరి వంటింట్లో తింటున్నారో మేం కంచాల దగ్గర కాపలా కాయలేం కదా.

మా ఆఫీసులో భువనగిరి వైపు సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆఫీసంతా ఆయన్ని అన్నా అనే పిలిచేది, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను కూడా అలాగే అలవాటు పడ్డాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు, ఎవరికీ భయపడడు, పొద్దున్నే ఫైలు కంటే ముందు పాన్‌డబ్బా తెరుస్తాడు. నేను తల పట్టుకుని కూర్చోవడం చూసి, ఆయనే దారి చూపించాడు.

"నోరు అబద్ధం జెప్తది, కాయితం అబద్ధం జెప్తది. పొయ్యి జెప్పది. ఇంట్లకు వోయి పొయ్యి జూడు తమ్మీ."

ఆ మాట నాకు తెగ నచ్చేసింది. మర్నాడు హబ్సిగూడ వైపు ఒక మేడలోకి పోయాను. నాలుగు కార్డులు, నాలుగు పేర్లు, అందరూ వేరుపడ్డవాళ్లే. తిన్నగా వంటింట్లోకి నడిచాను. ఒకే ఒక గ్యాస్ స్టవ్వు, దాని మీద పదిమందికి సరిపడా సాంబారు. మిగతా ముగ్గురూ ఎక్కడ వండుకుంటారండీ అంటే, ఆ ఇంటాయన నాకు కాఫీ కలపమని కోడలికి చెప్పాడు. మూడు కార్డులు అక్కడికక్కడే కొట్టేశాను. ఆ వారం అలాంటివి చాలా దొరికాయి. చంకలు గుద్దుకున్నాను.

మా మేడమ్ నాకంటే పదిహేనేళ్లు చిన్నది, పరీక్ష రాసి నేరుగా నా మీద ఆఫీసరుగా వచ్చింది. ఆమె దగ్గర మెప్పు పొందాలని నాకు లోలోపల ఉండేది, పైకి ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆమె నా పద్ధతి పై అధికారులకు చెప్పింది. వాళ్లు ఒక పెద్ద హాల్లో మిగతా ఏరియాల ఇన్‌స్పెక్టర్లందర్నీ కూర్చోబెట్టి, నన్ను స్టేజి ఎక్కించారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను, ఒక పొయ్యికి ఒక కార్డు అని. పేర్లు అడగొద్దు, కథలు వినొద్దు, పొయ్యి లెక్కపెట్టండి, రాయండి, బయటికి రండి అన్నాను. చప్పట్లు కొట్టారు. మెచ్చుకుంటూ ఒక కాగితం కూడా ఇచ్చారు. ఇంటికెళ్లి మా ఆవిడకు చూపిస్తే, చేతికి నూనె ఉంది అక్కడ పెట్టండి అంది.

ఆ ఊపులోనే నాచారంలో ఫ్యాక్టరీల వెనక రేకుల గదుల వరుసకు పోయాను. ఒకే ఓనరువి పద్నాలుగు గదులు, ఎదురెదురుగా ఏడేసి. జనగామ, నల్గొండ, మెదక్ వైపు నుంచి వచ్చి ప్లాస్టిక్ కంపెనీల్లో, మసాలా పొడుల ప్యాకింగ్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లు ఉండేవారు. గాలి ఒక పక్కనుంచి వీస్తే ధనియాల వాసన, ఇంకో పక్కనుంచి వీస్తే ప్లాస్టిక్ కాలిన కంపు. నేను పోయింది పదకొండు గంటలప్పుడు. సగం మంది పనిలో ఉన్నారు.

మొదటి గది జనగామ ఆమెది. నలభై ఏళ్లుంటాయి, ప్యాకింగ్‌లో మధ్యాహ్నం షిఫ్టు. పక్క గది నల్గొండ వాళ్లది, భార్యాభర్తలిద్దరూ పొద్దుటి షిఫ్టుకు పోయారు, ఆయన తల్లి మాత్రం ఉంది. ఆ ముసలమ్మ తన గది వదిలేసి జనగామ ఆమె గుమ్మంలో కిరసనాయిలు స్టవ్వు పక్కన కూర్చుని ఉంది. నల్గొండ వాళ్ల గదిలోకి తొంగి చూశాను. పొయ్యి లేదు. మీరు వంట ఎక్కడ చేసుకుంటారమ్మా అని ముసలమ్మను అడిగాను. గీడనే బిడ్డా అని స్టవ్వు చూపించింది. రోజూనా అంటే, రోజు గీడనే అంది.

లోపలినుంచి జనగామ ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వాళ్లు వేరే సారూ, మేం వేరే, పొయ్యి ఒక్కటే గని అని ఏదో చెప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కథలు వినొద్దని హాలు నిండా ఉన్న మనుషులకు చెప్పి వచ్చినవాణ్ణి, నేనెలా వింటాను? ఒకే పొయ్యి, ఒకే కుటుంబం, రెండో కార్డు రద్దు చేయవచ్చు అని రాశాను. ముసలమ్మకు నేనేం రాశానో తెలియదు. నేను కదులుతుంటే మంచినీళ్లు కావాలా అని అడిగింది. గంటన్నరలో ఆ వరుస మొత్తం పూర్తిచేసి, మెయిన్ రోడ్డు మీదికొచ్చి చెరుకురసం తాగాను. రెండో గ్లాసు కూడా తాగాను.

నాలుగైదు నెలలు గడిచాయి. ఆ వేసవి మీకు గుర్తుండకపోవచ్చు. కరెంటు చాలక ఫ్యాక్టరీలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే ఇచ్చేవారు. దానికి తోడు బంద్‌లు. పని ఉన్న రోజే కూలి వచ్చేవాళ్లకు వారంలో సగం రోజులు కూలి లేదు. ఇవన్నీ నేను పేపర్లో చదువుతూనే ఉన్నాను. చదివి, మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాలా వద్దా అని ఆలోచించాను.

ఒక రోజు ఆఫీసుకు ఫోను వచ్చింది. ఆ రేకుల గదుల్లో మొదటి గదిలో కార్డు బియ్యం బయటివాళ్లకు పోతోంది, వచ్చి పట్టుకోండి అన్నాడెవడో, పేరు చెప్పలేదు. కార్డు బియ్యం కొని పిండి పట్టించి అమ్మేవాళ్లు ఉండేవారు. వాళ్లకు అమ్మే ఇల్లు దొరికితే కేసు రాసి, కార్డు తీసేసుకోవాలి. నేను పంచనామా కాగితాలు, కార్బన్ పేపరు సర్దుకుని బయలుదేరాను. మంచి కేసని సంబరపడ్డాను కూడా. ఇప్పుడు ఆ సంబరం తలుచుకుంటే నా మీద నాకే చీదర.

పవర్ హాలిడే కాబట్టి ఆ రోజు వరుసంతా మనుషులతో నిండి ఉంది. మొదటి గది గుమ్మం తోసుకుని లోపలికి అడుగుపెట్టాను. తూకపు కాటా ఉంటుందనుకున్నాను, బస్తాలు ఉంటాయనుకున్నాను. తొమ్మిది మంది కింద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒకటే గిన్నె. జనగామ ఆమె, ఆమె భర్త, ఇద్దరు ఆడపిల్లలు ఒకవైపు. ఇంకోవైపు నల్గొండ భార్యాభర్తలు, వాళ్ల ఇద్దరు చిన్నపిల్లలు. గోడ పక్కన ముసలమ్మ. జనగామ ఆమె గరిటెతో అందరికీ కొలిచినట్టు వడ్డిస్తోంది. పెద్దవాళ్ల కంచాల్లో అన్నం కంటే గంజి ఎక్కువ.

నన్ను చూసి ఎవరూ లేవలేదు. లేచింది ముసలమ్మ ఒక్కతే. గోడ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, నాకూ గిన్నెకూ మధ్య కూర్చుంది. కూర్చుని, చీర కొంగు తీసి గిన్నె మీద కప్పింది.

ఇరవయ్యేళ్ల సర్వీసులో మనుషులు నన్ను చూసి బంగారం దాచారు, కార్డులు దాచారు, ఒకాయన ఏకంగా స్కూటరు దాచాడు. ఉడికిన అన్నాన్ని నా నుంచి దాచడం అదే మొదటిసారి. నేనేదో తినేసి పోతానన్నట్టు చూస్తోంది ఆవిడ. మొదటిసారి వచ్చినప్పుడు మంచినీళ్లు కావాలా అని అడిగింది ఈవిడేనని అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఉద్యోగం ఉద్యోగమే కాబట్టి గొంతు సవరించుకున్నాను. మీ కార్డు బియ్యం బయటివాళ్లకు ఇస్తున్నారని కంప్లైంట్ వచ్చింది, కార్డు మీద మీరు నలుగురే ఉన్నారు, పదహారు కిలోలు మీ నలుగురికే అన్నాను. జనగామ ఆమె గరిటె కంచంలో పెట్టింది. ఆమెకు కోపం లేదు. నాకు తెలియని విషయమేదో ఓపిగ్గా చెబుతున్నట్టు మాట్లాడింది.

"బయటోళ్లు ఎవరు సారూ? మీరే గద ఒక్క పొయ్యి, ఒక్క ఇల్లు అని రాసిన్రు. మీరు రాసినంక వీళ్లు బయటోళ్లు ఎట్లయితరు?"

గడపలోనే కూలబడ్డాను. కావాలంటే మీరూ ఆలోచించి చూడండి. ఆమె బయటివాళ్లకు బియ్యం ఇచ్చిందని కేసు రాస్తే, నల్గొండ వాళ్లు వేరే కుటుంబమని నేనే ఒప్పుకున్నట్టు. అప్పుడు వాళ్ల కార్డు కొట్టేసిన నా రిపోర్టు అబద్ధం. లేదు, అందరూ ఒకటే కుటుంబం అంటే, నలుగురి బియ్యంతో తొమ్మిది మందిని బతకమని రాసినవాణ్ణి నేను. ఎటు తిప్పినా నా చేతిరాతే నా మెడకు చుట్టుకుంటోంది. నేను రాసిన మాటకే ఇలా దొరికిపోతానని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సినవి. జనగామ ఆమె చెప్పింది. కిరసనాయిలు నెలకు చాలదు. స్టవ్వు వెలిగించిన ప్రతిసారీ కొంత ఊరికే కాలిపోతుంది. అందుకని ఒకసారి వెలిగించిన స్టవ్వు మీద తన గిన్నె దించగానే పక్కింటి గిన్నె ఎక్కించేవారు. షిఫ్టులు వేరు కాబట్టి, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు రెండిళ్ల వంటా చూసుకునేవారు. గిన్నెలు రెండు, బియ్యం డబ్బాలు రెండు, ఎవరి ఉప్పు వాళ్లది. నల్గొండ వాళ్ల డబ్బా వాళ్ల గదిలో మూలన ఉంది. నేను ఆ గదిలోకి తొంగి చూసినప్పుడు కూడా ఉంది. పొయ్యి కోసం వెతుకుతున్నాను కాబట్టి నాకు కనిపించలేదు.

కార్డు పోయాక మొదటి నెల నల్గొండ వాళ్లు బయట కొనుక్కుని తిన్నారు. పవర్ హాలిడేలు మొదలయ్యాక కొనలేకపోయారు. ఆ రోజు నుంచి రెండు గిన్నెలు ఒకటయ్యాయి. నల్గొండ ఆమె ఇదంతా వింటూ తల వంచుకునే ఉంది, పిల్లవాడి నోట్లో ముద్ద పెడుతూనే ఉంది. మా అత్త ఒక్క పూటనే తింటది సారూ, అడిగితే ఆకలి లేదంటది అని మాత్రం అంది. ముసలమ్మ ఇంకా కొంగు తీయలేదు.

పంచనామా రాయలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కార్డు తిరిగి తెప్పిస్తాను అని చెప్పి బయటపడ్డాను. లాలాపేట్ మీదుగా ఆఫీసుకు పోవాల్సినవాణ్ణి, ఏ ఆలోచనలో ఉన్నానో, ఉప్పల్ స్టేడియం ముందు తేలాను.

అన్నతో చెప్పాను. నువ్వు చెప్పిన పొయ్యే నన్ను ముంచిందన్నా అని ఆయన మీదికి నెట్టబోయాను. ఆయన పాన్ నములుతూ అంతా విన్నాడు. బయటికి పోయి ఉమ్మి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పొయ్యి జూడమన్న. పొయ్యి ఒక్కటే జూడమన్ననా? మా కాలంల పొయ్యి జూసి, బియ్యం డబ్బా జూసి, ముసలోళ్లతోని పావుగంట కూసుని మాట్లాడి రాస్తుంటిమి. నువ్వు బోర్డు మీద నాలుగు మాటలు రాస్తివి."

తల కొట్టేసినట్టయింది. నిజమే, ఆయన చెప్పింది ఒక తనిఖీ ఎలా మొదలుపెట్టాలో. నేను దాన్నే మొదలూ చివరా చేసేశాను. పిల్లలూ, మన ఉద్యోగాల్లో పద్ధతి అన్నది మహా మత్తుగా ఉంటుంది. ఒకసారి పనిచేసిందా, ఇక కళ్లు, చెవులు వాడక్కర్లేదనిపిస్తుంది. హబ్సిగూడ మేడలో వంటింటికి తలుపు ఉంటుంది, స్టవ్వు ఆ ఇంటిది. రేకుల గదుల్లో స్టవ్వు గుమ్మంలో ఉంటుంది, అందరిదీ. అది ఇంటిని చెప్పదు, చమురు కరువును చెబుతుంది. ఈ తేడా తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక్క నిమిషం నోరు మూసుకుని వింటే చాలు.

మేడమ్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నన్ను కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి రమ్మంది. అప్పుడు చెప్పింది, దీనికి రెండు దారులున్నాయని. నల్గొండ వాళ్ల కార్డు నంబరు కంప్యూటర్లో పొరపాటున రద్దు జాబితాలో పడిందని, టైపింగ్ తప్పని రాసిస్తే, రెండు మూడు వారాల్లో కార్డు తిరిగొస్తుంది. నా తనిఖీ పద్ధతే తప్పని రాస్తే, ఫైలు పైకి పోతుంది. అదే పద్ధతి నేర్చుకుని మిగతా ఏరియాల్లో కొట్టేసిన కార్డులన్నీ మళ్లీ తెరవాలి. దాని మీద ఎవరో విచారణ చేయాలి. అది ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, అన్నాళ్లూ ఈ కార్డు కూడా రాదు.

"ఏది రాస్తారో మీ ఇష్టం. నేను ఏదైనా పంపిస్తాను," అంది మేడమ్.

ముసలమ్మ కొంగు కళ్ల ముందు ఉంది. వాళ్ల పొయ్యి ఈ నెలే వెలగాలి కదా అనుకున్నాను. మరో మాట కూడా ఉంది, దాన్ని దాచను. పైకి పోయే ఫైలులో నా పేరుంటుంది, నాకు వచ్చిన మెప్పు కాగితం పక్కనే ఉంటుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ బరువు తూగిందో నేను నిజాయితీగా చెప్పలేను. టైపింగ్ తప్పు అని రాసి సంతకం పెట్టాను.

నా మనసుకు సర్దిచెప్పుకున్నాను, ఆ ఒక్క ఇంట్లోనే అలా జరిగి ఉంటుందని. నేను రాసిన జాబితా నా బీరువాలోనే ఉంది. ఒక్కసారి తీసి చూడొచ్చు. తీయలేదు. తాళంచెవి జేబులో ఉన్నా, ఆ వారంలో రెండుసార్లు తాళంచెవి ఎక్కడుందో అని వెతికాను కూడా.

ఇంకోటి జరిగింది. టైపింగ్ తప్పు అన్నాక ఎవరో ఒకరు టైపు చేసి ఉండాలి కదా. మా ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్ ఉండేది, ఇద్దరు పిల్లల తల్లి, తలెత్తకుండా పనిచేసేది. ఆమెకు మెమో ఇచ్చారు. కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది, నేను ఏ నంబరు తప్పు కొట్టాను సార్, చూపిస్తే ఇంకోసారి జాగ్రత్తగా ఉంటాను అని. మేడమ్‌ని అడగమ్మా అన్నాను. ఆమె మేడమ్‌ని అడగలేదు, క్షమించమని రాసిచ్చేసింది. నేను ఆ వారమంతా ఆమె టేబుల్ పక్కనుంచి కాకుండా వెనక గుమ్మంలోంచి ఆఫీసులోకి వచ్చాను.

కార్డు మూడు వారాల్లో తిరిగొచ్చింది. నేనే పట్టుకుపోయి నల్గొండ ఆమె చేతిలో పెట్టాను. బియ్యం ఇచ్చే రోజు డీలరు ఏ పేచీ పెట్టకుండా నేనూ షాపు దగ్గరికి వస్తానన్నాను. కాస్త గొప్పగానే అన్నాను. దిద్దుకున్నాను కదా అని గుండె తేలికైంది.

ఆ రోజు షాపు దగ్గర గంటసేపు లైన్లో ఆమెతో పాటు నిలబడ్డాను. డీలరు నన్ను చూసి కుర్చీ వేయబోతే వద్దన్నాను. ఐదుగురికి ఇరవై కిలోలు తూచి ఇచ్చాడు. మూట ఆమె నెత్తిన పెట్టుకుంది, నేను స్కూటరు నడిపించుకుంటూ పక్కనే నడిచాను. తన గదికి పోతుందనుకున్నాను. పోలేదు. జనగామ ఆమె గుమ్మంలో దించింది. జనగామ ఆమె గోనె పరిచి, దాని మీద బియ్యం పోసి, స్టీలు గ్లాసు ఒకటి తెచ్చుకుని కూర్చుంది. కూర్చుని వరుస వైపు తిరిగి కేకేసింది.

తలుపులు తెరుచుకున్నాయి. ఒకావిడ గిన్నెతో వచ్చింది, ఇంకొకావిడ చీర కొంగు పట్టుకుని వచ్చింది, వెనకాల ఇంకో ముగ్గురు. జనగామ ఆమె ఒక్కొక్కరి ఇంట్లో ఎందరున్నారో నోటితో అనుకుంటూ గ్లాసుతో కొలిచి పోస్తోంది. ఎవరూ ఎక్కువ తక్కువలు అడగడం లేదు. అలవాటైన పని అని చూస్తేనే తెలుస్తోంది.

వీళ్లంతా ఎవరు అని నల్గొండ ఆమెను అడిగాను. అడుగుతుంటేనే నాకు సగం అర్థమైపోయింది, అయినా అడిగాను.

"వీళ్లయి గూడ గా రోజే వోయినయి సారూ. ఒక్కో పొయ్యి మీద ఇద్దరం వండుకుంటుంటిమి. పద్నాలుగు ఇండ్లకు ఎనిమిదే పొయ్యిలు. ఉన్న కార్డుల మీది బియ్యమే అందరం పంచుకుంటున్నం. మొన్న మీరొచ్చినప్పుడు జెప్తే, ఉన్నయి గూడ కొట్టేస్తరని భయపడి జెప్పలే."

గంటన్నరలో పూర్తిచేసిన వరుస. ఆరు ఇళ్లు. ఒక కార్డు తెచ్చి ఇచ్చి, నేను దిద్దుకున్నానని ఊరేగింపుగా నడిచి వచ్చి వాళ్ల మధ్యలో నిలబడి ఉన్నాను. బియ్యానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను గుర్తుపట్టారు. ఒక్కరైనా తిడతారేమోనని చూశాను. ఒకావిడ నాకు అడ్డమని తన గిన్నె పక్కకు జరుపుకుంది, అంతే. సార్‌కు చాయ్ పెట్టనా అని ఇంకెవరో అడిగారు. ఆ క్షణంలో చాయ్ కంటే చెంపదెబ్బ హాయిగా ఉండేదనిపించింది.

జనగామ ఆమె ఐదో గిన్నెలో పోస్తూ తలెత్తి నన్ను చూసింది. ఏదో గుర్తొచ్చినదానిలా అడిగింది. అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకుంటే దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకుందామని అడిగినట్టుంది.

"పక్క గల్లీల గూడ మీరే రాసిన్రా సారూ? ఆడ మా చెల్లె వాళ్లున్నరు."

పక్క గల్లీకి నేను మధ్యాహ్నం పోయాను, చెరుకురసం తాగాక. అవతలి రెండు గల్లీలకు మర్నాడు పోయాను. ఆ తర్వాత మౌలాలి వైపు.

"నేనే రాశానమ్మా," అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు ఆగింది. వంగి, గోనె మీద ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంది.